తాహో వెళ్లే దారిలో ఇంకో కొల్లేరు

బే ఏరియా నుంచి మంచు చూడటానికి తాహో వెళ్లే మనవాళ్లందరూ ఒక పొడుగాటి వంతెన దాటుతారు. డేవిస్ దాటాక, శాక్రమెంటో ఇంకా రాకముందు, ఇంటర్‌స్టేట్ 80 మీద దాదాపు 3 మైళ్లు సాగే యోలో కాజ్‌వే అది. జూలైలో దాని మీద నుంచి చూస్తే కింద పచ్చని వరి చేలు. వానలు గట్టిగా పడిన జనవరిలో చూస్తే అదే చోట సముద్రంలా నీళ్లు. వెనక సీట్లో పిల్లలు "ఇది ఏ నది?" అని అడుగుతారు. మ్యాప్‌లో అక్కడ నదేమీ ఉండదు. అందరూ గంటకు 70 మైళ్ల వేగంతో వెళ్లిపోతుంటారు కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

ఆ వంతెనకు దక్షిణంగా, రోడ్డు దిగి కట్ట ఎక్కితే చాలు, యోలో బైపాస్ వైల్డ్‌లైఫ్ ఏరియా వస్తుంది. 16,000 ఎకరాలకు పైగా నేల. చెరువులు, వరి మడులు, తుంగ, పచ్చిక. కాలిఫోర్నియా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దీన్ని చూసుకుంటుంది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ వచ్చి ప్రారంభించిన చోటు ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అలాస్కా, కెనడా, రష్యా ఉత్తర కొసల నుంచి దిగిన బాతులు, హంసలు, కొంగలు ఇక్కడ వేలల్లో ఉంటాయి. చూడటానికి నడవక్కర్లేదు. కారు దిగకుండానే చూడొచ్చు.

ఈ చివరి మాట నేను ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నానో మీకు తెలిసే ఉంటుంది. దసరా వెళ్లాక ఇండియా నుంచి వచ్చి, ఆరు నెలలు ఉందామనుకుని, నవంబరులో ఐదింటికే చీకటి పడేసరికి కిటికీ దగ్గర కూర్చుండిపోయే అమ్మానాన్నలు, అత్తమామలు మనలో చాలామంది ఇళ్లలో ఉంటారు. మోకాళ్ల నొప్పులు, బయట చలి, డ్రైవింగ్ రాదు, పక్కింటి వాళ్లతో మాట కలవదు. గుడికి తీసుకెళ్తాం, కాస్ట్‌కోకి తీసుకెళ్తాం, గోల్డెన్ గేట్ చూపిస్తాం. ఆ తర్వాత? మేముండేది ఫోల్సమ్‌లో. మా మావయ్యగారిది కైకలూరు దగ్గర పల్లె, వయసులో ఉన్నంత కాలం వ్యవసాయం చేసిన మనిషి. ఇక్కడ ఆయనకు తెలిసిన పని గానీ, తెలిసిన వస్తువు గానీ ఒక్కటి లేదు. యోలోకి తీసుకెళ్లిన రోజు మాత్రం మాకు అన్నీ ఆయనే చెప్పారు.

నీటికి వదిలిన నేల

ముందు ఆ నది సంగతి. శాక్రమెంటో నగరం రెండు నదులు కలిసే పల్లంలో ఉంది. 1861-62 శీతాకాలంలో ఊరంతా మునిగిపోయింది. కొత్తగా ఎన్నికైన గవర్నర్ లేలండ్ స్టాన్‌ఫర్డ్, మన పిల్లలందరూ సీటు కోసం కలలు కనే యూనివర్సిటీ పెట్టిన ఆయనే, తన ప్రమాణస్వీకారానికి పడవలో వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అందరికీ తోచిన ఉపాయం ఒక్కటే: కరకట్టలు ఇంకా ఎత్తు చేయడం. ఈలోగా పైన కొండల్లో బంగారం కోసం నీళ్లు చిమ్మి కొండలనే కరిగించడంతో ఆ మట్టంతా నదుల్లోకి వచ్చి మేటలు వేసింది. ఏటి అడుగే పైకి లేచింది. కట్ట ఒక అడుగు పెంచితే నీరు రెండు అడుగులు పెరిగేది. 1907లోనూ, 1909లోనూ వచ్చిన వరదలతో ఆ లెక్క తేలిపోయింది. ఎంత ఎత్తు కట్టలు కట్టినా ఆ నది అంత నీటిని మోయలేదు.

అప్పుడు చేసిన పని ఏమిటంటే, నది ఎప్పుడూ పొంగి పరుచుకునే పల్లాన్ని దానికే తిరిగి ఇచ్చేశారు. రెండు వైపులా కట్టలు వేసి, మధ్యలో సుమారు 40 మైళ్ల పొడవు, కొన్నిచోట్ల 3 మైళ్ల వెడల్పు ఉన్న ఒక దారి వదిలారు. అదే యోలో బైపాస్, మొత్తం 59,000 ఎకరాలు. ఎగువన ఫ్రీమాంట్ వియర్ అని దాదాపు 2 మైళ్ల పొడవున్న పొట్టి గోడ 1924లో కట్టారు. కట్టినప్పుడు దానికి తలుపుల్లేవు, మనుషులు తిప్పాల్సిన చక్రాల్లేవు. నది ఆ ఎత్తుకు రాగానే దాని మీద నుంచి నీరు దానంతట అదే పొర్లి బైపాస్‌లో పడుతుంది. మన చెరువుకు అలుగు పారడమంటే ఏమిటో తెలిసిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పది ఏళ్లలో ఆరేడేళ్లు ఈ అలుగు పారుతుంది. పెద్ద వరదలో శాక్రమెంటో నగరం పక్కన నది మోసే నీటికి నాలుగింతలు ఈ బైపాస్ మోసేలా లెక్క వేసి కట్టారు. అంటే మనం కాజ్‌వే మీద నుంచి చూసే ఆ "సముద్రం" ప్రమాదం కాదు. అది అక్కడుండటం వల్లే ఊరు పొడిగా ఉంది.

ఇందులో భూములు చాలావరకు రైతులవే. కానీ శీతాకాలంలో నీళ్లు వదిలే హక్కు ప్రభుత్వానిది. ఆ షరతు మీదే సాగు. వేసవిలో వరి, టొమాటో, పొద్దుతిరుగుడు, కుసుమ వేసుకోవచ్చు. ఇళ్లు మాత్రం కట్టకూడదు.

నేను ఇదంతా చెబుతుంటే మావయ్యగారు కట్ట మీద నుంచి చాలాసేపు అటూ ఇటూ చూసి, "ఇక్కడెవరూ చెరువులు తవ్వలేదా అమ్మాయ్?" అని అడిగారు. కొల్లేరు మనిషి అడగాల్సిన ప్రశ్నే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు చేసేది కూడా ఇదే పని. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం. దాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అయినా సరస్సు లోపల చేపల చెరువుల గట్లు లేచాయి, 2006లో వాటిని పెద్ద ఎత్తున కొట్టించారు, ఆ వివాదం ఇంకా తెగలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు ఇక్కడ మనలో ఎంతమంది రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నామో గుర్తుంది కదా. రెండు చోట్లనూ ఒకే గాటన కట్టలేం. కొల్లేరులో వేల కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్నాయి. యోలో పల్లంలో ఆది నుంచీ బతికిన పాట్విన్ తెగ ప్రజలను మాత్రం, ఈ బైపాస్ ఆలోచన రాకముందే, వలస వచ్చినవాళ్లు అక్కడి నుంచి తరిమేశారు. "ఖాళీ నేల" అని మనకు కనిపించేదాని వెనక ఆ కథ కూడా ఉంది.

పరిగె ఏరుకునే పక్షులు

ఇప్పుడు పక్షులు ఇక్కడికి ఎందుకు వస్తాయన్నది. కాలిఫోర్నియా నడుమ ఉన్న సెంట్రల్ వ్యాలీలో ఒకప్పుడు లక్షల ఎకరాల చిత్తడి నేలలు ఉండేవి. అందులో 90 శాతానికి పైగా పోయాయి. పొలాలయ్యాయి, ఊళ్లయ్యాయి. కానీ ఉత్తరాన మంచు పడగానే పక్షులు మాత్రం తమ పాత దారిలోనే వస్తాయి. దీన్ని పసిఫిక్ ఫ్లైవే అంటారు, అంటే అలాస్కా నుంచి దక్షిణ అమెరికా దాకా పడమటి తీరం వెంట పక్షుల రాదారి. ఇన్ని పక్షులకు మిగిలిన ఆ కాస్త చిత్తడి సరిపోదు. ఆ లోటు తీరుస్తున్నది వరి.

శాక్రమెంటో లోయలో మామూలు ఏడాది సుమారు 5 లక్షల ఎకరాల్లో వరి వేస్తారు. మనం తినే సోనా మసూరి కాదు, ఎక్కువగా కాల్‌రోజ్ అనే మధ్యరకం గింజ వరి. సుషీలోకి వెళ్లేది అదే. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతలవుతాయి. ఒకప్పుడు కోతలయ్యాక గడ్డి తగలబెట్టేవారు, శాక్రమెంటో మీద పొగ కమ్మేది. ఢిల్లీ పొగ గురించి ఏటా వార్తల్లో చూస్తుంటాం కదా, అలాంటిదే. 1991లో ఒక చట్టం తెచ్చి ఆ కాల్చడాన్ని ఏళ్ల వారీగా తగ్గించుకుంటూ వచ్చారు. మరి గడ్డిని ఏం చేయాలి? రైతులు మడుల్లో అరడుగు లోపు నీరు పెట్టి మురగనివ్వడం మొదలుపెట్టారు. ఆ నీట్లోకి బాతులు దిగాయి. కోత మిషన్ల కింద రాలిన గింజలు తింటూ, కాళ్లతో గడ్డిని తొక్కి బురదలో కలిపి, రెట్టలు వేసి, రైతుకు సాయమే చేశాయి. గాలి బాగుపడాలని తెచ్చిన చట్టం పక్షులకు కంచం పెట్టింది. మన ఊళ్లలో కోతలయ్యాక పరిగె ఏరుకునేవాళ్లు గుర్తున్నారా? ఇక్కడ ఆ పని రష్యా నుంచి వచ్చిన బాతులు చేస్తాయి.

వైల్డ్‌లైఫ్ ఏరియా లోపల కొంత భూమిని రైతులకు కౌలుకు ఇచ్చి వరి వేయిస్తారు. మిగతా చెరువుల్లో నీటి లోతును తూములతో అంగుళాల లెక్కన నడుపుతారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. నాలుగంగుళాల లోపు నీరుంటే సన్నకాళ్ల ఉల్లంకి జాతి పక్షులు దిగుతాయి, బురదలో ముక్కు గుచ్చి పురుగులు లాగుతాయి. అడుగు లోపు ఉంటే తల నీట్లో ముంచి తోక ఆకాశానికి పెట్టే బాతులు. ఇంకా లోతుంటే బుడుంగున మునిగి చాలా దూరంలో తేలే బాతులు. అంటే తూము పలక ఒకటి తీస్తే ఒక రకం పక్షులు పోయి ఇంకో రకం వస్తాయి.

ఆ చెరువుల్లో ఏం పెంచుతారో తెలుసా? ఊద. మావయ్యగారు కారు అద్దం దించి చూసి, "అమ్మాయ్, ఇది ఊద కదూ, ఎవరూ పీకరా?" అన్నారు. పీకడం కాదు, వేసవిలో నీళ్లు పెట్టి మరీ పెంచుతారు, దాని గింజలు బాతులకు మంచి బలం అని చెప్పాను. జీవితమంతా వరిలోంచి ఊద పీకించిన మనిషికి ఇది మింగుడు పడలేదు. ఇంటికి వెళ్లాక ఊరికి ఫోన్ చేసి మొదట చెప్పిన వార్త అదే.

చేపల సంగతి కూడా ఒక్క మాట. బైపాస్‌లో వరద పరుచుకున్నప్పుడు దాంతో పాటు వచ్చిన సాల్మన్ పిల్లలు, నదిలో ఉన్నవాటికంటే వేగంగా పెరుగుతాయని తేలింది. పల్చని నీట్లో ఎండ తగిలి, మురిగిన గడ్డి మీద సూక్ష్మజీవులు పుట్టి, వాటికి తిండి దండిగా దొరుకుతుంది. యూసీ డేవిస్ శాస్త్రవేత్తలు, కొందరు రైతులు కలిసి శీతాకాలంలో వరి మడుల్లోనే సాల్మన్ పిల్లల్ని పెంచి చూశారు. దానికి పెట్టిన పేరు నిగిరి ప్రాజెక్ట్. నిగిరి అంటే అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టే సుషీ. ఎంత సరిగ్గా కుదిరింది!

తాతయ్య పేర్లు, మనవడి పేర్లు

ఇక్కడికి వెళ్లేటప్పుడు పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. మధ్యలో గీత గీసి, ఒకవైపు ఇంగ్లిష్ పేరు, ఇంకోవైపు తెలుగు పేరు రాయమనండి. ఇంగ్లిష్ పేర్లకు కార్నెల్ వాళ్ల మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. ఫొటో చూపిస్తే పోలిక చెబుతుంది, కూత వినిపిస్తే పేరు చెబుతుంది, మన ఇండియా పక్షులకూ పనిచేస్తుంది. తెలుగు పేర్లకు యాప్ వెనక సీట్లో కూర్చుని ఉంటుంది, దాన్ని అడగండి.

అడిగితే ఏం వచ్చిందో చెబుతాను. సూదిలాంటి తోక, గోధుమరంగు తల, తెల్లని మెడ ఉన్న బాతు ఇక్కడ విపరీతంగా ఉంటుంది. పిల్లాడు యాప్ చూసి "పిన్‌టెయిల్" అన్నాడు. తాతయ్య "సూదితోక బాతు, మన కొల్లేటికీ వస్తుందిరా" అన్నారు. నిజమే, అది అదే జాతి. అలాస్కాలో పుట్టింది యోలోకి దిగుతుంది, సైబీరియాలో పుట్టింది కొల్లేరుకీ పులికాట్‌కీ దిగుతుంది. చెంచాలాంటి వెడల్పు ముక్కున్న షవలర్ కూడా రెండు చోట్లా ఒకటే. ఒళ్లంతా నలుపు, ముక్కు తెలుపు ఉన్న కూట్‌ను చూసి ఆయన బొల్లికోడి అన్నారు. మన బొల్లికోడి దీనికి దగ్గరి చుట్టం, జాతి వేరు. బూడిదరంగులో నిలబడి తపస్సు చేసే గ్రేట్ బ్లూ హెరాన్ మన నారాయణ పక్షికి అమెరికా దాయాది. వంకర ముక్కుతో రాగి రంగులో మెరిసే ఐబిస్‌ను కంకణం అన్నారు. పెద్ద తెల్ల పెలికాన్లు గుంపుగా వచ్చి నీళ్లలో దిగితే, ఆయన నోటి నుంచి గూడబాతు అన్న మాట పిల్లాడి యాప్ కంటే ముందే వచ్చింది.

గుర్తుపట్టనివీ ఉన్నాయి. నల్లని రెక్క అంచులతో తెల్లగా ఉండే స్నో గూస్ మన వైపు లేదు. వీటిలో కొన్ని రష్యా ఉత్తరాన ఉన్న రాంగెల్ ద్వీపంలో గుడ్లు పెట్టి ఇక్కడికి వస్తాయి. ఒక గద్ద నీడ పడితే చాలు, మడి మొత్తం ఒక్కసారి లేస్తుంది. ఆ చప్పుడు, ఆ గోల వర్ణించడం నా వల్ల కాదు. టండ్రా హంసలు వరి మడుల్లో దూరంగా తెల్లని సంచుల్లా కనిపిస్తాయి. మాకు వాటికి తెలుగు పేర్లు దొరకలేదు, ఆ గడులు ఖాళీగానే ఉన్నాయి. కానీ నిండిన గడుల్లో సగం పేర్లు నేను మొదటిసారి విన్నవి. నేను విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో పెరిగాను, నాకు తెలిసింది కాకి, పిచ్చుక, కొంగ. ఇలాంటి పేర్లు నీళ్ల దగ్గర బతికినవాళ్ల నోట్లోనే ఎక్కువగా ఉన్నాయి. ఆ నోళ్లు మన ఇంట్లో ఉండేది ఏడాదికి ఆరు నెలలు.

తుపాకీ చప్పుడు

ఈ సంగతి ముందే చెప్పకపోతే అక్కడికి వెళ్లాక మీరు కంగారు పడతారు. ఇది వైల్డ్‌లైఫ్ ఏరియానే గానీ, అక్టోబరు చివర నుంచి జనవరి చివర దాకా శని, ఆది, బుధవారాల్లో లైసెన్స్ ఉన్నవాళ్లు ఇక్కడ బాతులను వేటాడతారు. దూరం నుంచి ఢామ్ ఢామ్ అని వినిపిస్తుంది. పక్షుల కోసం ఉంచిన చోట పక్షుల్ని కాల్చడమేమిటని మా అత్తయ్యగారు ఆ రోజంతా అడుగుతూనే ఉన్నారు. నేనూ శాకాహారినే, నాకూ అది చూడబుద్ధి కాదు. కానీ లెక్క మాత్రం చెప్పాలి. 1934 నుంచి అమెరికాలో బాతుల వేటకు వెళ్లే పెద్దవాళ్లంతా ప్రతి ఏడాదీ ఫెడరల్ డక్ స్టాంప్ కొనాలి. ఇప్పుడు దాని ధర 25 డాలర్లు. అందులో ప్రతి డాలరుకూ 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికి, కాపాడటానికి వెళ్తాయి. దేశంలో ఇన్ని పక్షుల శరణాలయాలు ఉన్నాయంటే వేటగాళ్ల డబ్బుదీ అందులో పెద్ద వాటా.

వేట అక్కర్లేని మనమూ ఆ స్టాంప్ కొనొచ్చు. దాంతో నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లలో ప్రవేశ రుసుము ఉండదు. బొమ్మలు వేసే పిల్లలుంటే జూనియర్ డక్ స్టాంప్ పోటీ గురించి స్కూల్లో అడగండి. కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా ఎవరైనా ఒక బాతు బొమ్మ వేసి పంపొచ్చు.

చప్పుడు వద్దనుకుంటే సోమ, మంగళ, గురు, శుక్రవారాల్లో వెళ్లండి. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలు ఇంట్లోనే ఉంటారు కాబట్టి అది మంచి అదను. వారాంతం తప్ప కుదరదంటే ఫిబ్రవరి రెండో వారం నుంచి వెళ్లండి. వేట అయిపోతుంది, పక్షులు ఇంకా ఉంటాయి, బాదం తోటలు పూతకొస్తాయి. నన్నడిగితే అదే అన్నిటికంటే మంచి సమయం.

వెళ్లేటప్పుడు

డేవిస్ వైపు కాజ్‌వే మొదట్లో హైవే దిగి, కట్ట ఎక్కి దిగితే లోపలికి కంకర రోడ్డు ఉంటుంది. చెరువుల చుట్టూ తిప్పి తీసుకొచ్చే ఆటో టూర్ అది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంచుతారు. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ తప్పకుండా చూసుకోండి, ఎందుకంటే అలుగు పారిందంటే ఈ రోడ్డంతా నీళ్ల కింద ఉంటుంది, గేటు మూసేస్తారు. వేట కాలంలో నడకదారులు కొన్ని మూసి ఉంటాయి, బోర్డులు చదవండి. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇక్కడ టూలీ ఫాగ్ అనే దట్టమైన పొగమంచు పడుతుంది. ముందు కారు కనిపించదు. అలాంటి రోజు తొమ్మిది, పది దాకా ఇంట్లో కాఫీ తాగి బయల్దేరండి.

పక్షులు కారును చూసి భయపడవు, మనిషిని చూస్తే లేచిపోతాయి. అందుకే కారే మీ మంచె. ఇంజిన్ ఆపేసి, అద్దాలు దించి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ కనిపించదు, పిల్లలు విసుక్కుంటారు. ఐదో నిమిషంలో తుంగలోంచి ఒకటి బయటికి వస్తుంది. బైనాక్యులర్స్ కొనేట్లయితే 8×42 కొనండి. 8 అంటే ఎన్నింతలు పెద్దగా కనిపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10 రెట్లది ఇంకా మంచిదని షాపులో అంటారు గానీ, చేతులు వణికే పెద్దవాళ్లకు బొమ్మ నిలవదు. లోపల కొట్లు, హోటళ్లు లేవు. పులిహోర, ఫ్లాస్కులో టీ, మంచినీళ్లు పెట్టుకెళ్లండి, కారులోనే తినండి.

మిగిలిన అన్నం గానీ, బ్రెడ్ గానీ పక్షులకు వేయకండి. మనకు అది పుణ్యం అనిపిస్తుంది, వాటికి అది రోగం. ఒకేచోట గుమిగూడితే జబ్బులు అంటుకుంటాయి. ఈ మధ్య ఏళ్లలో బర్డ్ ఫ్లూ అడవి బాతుల్లోనూ వచ్చింది. చచ్చిపడిన పక్షిని పిల్లల్ని తాకనివ్వకండి.

కరువు ఏడాది వెళ్తే ఇదంతా సగమే కనిపిస్తుంది. 2022లో నీళ్లు లేక శాక్రమెంటో లోయలో దాదాపు సగం వరి వేయలేదు. వరి లేకపోతే శీతాకాలపు నీరూ లేదు, పరిగె లేదు. పక్షులు మిగిలిన కాసిని చెరువుల్లో ఇరుక్కుంటాయి, అక్కడ రోగం పుడితే వేలల్లో పోతాయి. కాలిఫోర్నియాలో నీటి గురించి బ్యాలెట్ మీద ఏదైనా వచ్చినప్పుడు, ఓటున్నవాళ్లు అది చదివేటప్పుడు ఈ వరి మడులూ కళ్ల ముందు ఉంటే మంచిది.

వేరే చోట్ల ఉన్నవాళ్లకు: న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ దగ్గర ఎడ్విన్ ఫోర్సైత్ రెఫ్యూజ్‌లో 8 మైళ్ల కారు దారి ఉంది, నవంబరులో స్నో గూస్‌లు దిగుతాయి. డాలస్ వాళ్లకు లేక్ టెక్సోమా ఒడ్డున హేగర్‌మన్ ఉంది. దుబాయ్‌లో రాస్ అల్ ఖోర్‌లో ఫ్లెమింగోలను నగరం మధ్యలోనే చూడొచ్చు. లండన్ వాళ్లకు బార్న్స్‌లో వెట్‌ల్యాండ్ సెంటర్ ఉంది. యోలోకే ఇంకో గంట కలుపుకుంటే లోడై దగ్గర శాండ్‌హిల్ క్రేన్లు సాయంత్రం గుంపులుగా దిగడం చూడొచ్చు. మన సారస్ కొంగకు దగ్గరి చుట్టాలవి, అరుపు మైలు దూరం వినిపిస్తుంది.

అమ్మానాన్నలు వేసవిలోనే వస్తారంటే, బాతులు ఉండవు గానీ కాజ్‌వే ఖాళీగా ఉండదు. వంతెన కింద కాంక్రీటు సందుల్లో సుమారు 2,50,000 మెక్సికన్ ఫ్రీ టెయిల్డ్ గబ్బిలాలు పిల్లల్ని పెంచుకుంటాయి. జూలై, ఆగస్టు సాయంత్రాల్లో పొద్దు వాలుతుండగా పొగ తాడులా మెలికలు తిరుగుతూ బయటికొచ్చి, రాత్రంతా వరి మీది పురుగుల్ని తింటాయి. యోలో బేసిన్ ఫౌండేషన్ వాళ్లు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు. దానికి ముందే టికెట్ తీసుకోవాలి, త్వరగా అయిపోతాయి.